బడి మూసిన రోజు ఇంటికొచ్చిన కాగితం



ఈ నెల ఈ శీర్షికలో ఒక బడి కబుర్లు వ్రాస్తున్నాను. అది మన సంఘపు బడి కాదు. మా ఊరి ఆర్.సి.ఎం. ప్రాథమిక పాఠశాల. కతోలిక విచారణవారు నడిపే ఎయిడెడ్ బడి. ఒకటి మొదలు ఐదు తరగతులు. పల్నాడు జిల్లాలో మిరప పండే ఊళ్లలో మాదొకటి. మా మందిరానికి వచ్చే కుటుంబాలలో చాలామంది పిల్లలు ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకొన్నారు. వారి తల్లిదండ్రులు, కొందరి తాతలు కూడా ఆ అరుగుల మీదనే కూర్చొని చదివారు.

ఏటా వేసవి సెలవులిచ్చే రోజున ఆ బడివారు మార్కుల కార్డుతోపాటు ఒక కాగితం పిల్లల చేతికిచ్చి పంపుతారు. రెండు వైపులా చేతితో వ్రాసి జిరాక్సు తీయించిన కాగితము. సెలవుల తేదీలు, పరీక్షల సంగతి, ఆ ఏడాది బడి కుటుంబాలలో జరిగిన మంచిచెడ్డలు అందులో ఉంటవి. మన ఇళ్లలో ఏమి చేస్తాము? మార్కుల కార్డు చూస్తాము, లెక్కల్లో తక్కువ వచ్చినందుకు పిల్లవాణ్ణి కోప్పడతాము, కాగితాన్ని మడిచి గూట్లో పెడతాము. ఈసారి నేను దానిని మొదటి నుండి చివరి వరకు చదివాను. మన కుటుంబాలకు పనికివచ్చే సంగతులు అందులో ఉన్నవి గనుక మీతో పంచుకొంటున్నాను. కాగితములో పేర్లున్నవి గాని ఇక్కడ వ్రాయడం లేదు. మా ఊరివారికి తెలుసు, దేవునికి తెలుసు. అంతవరకు చాలును.

సంతోష వార్తలు

బడిలో మధ్యాహ్న భోజనం వండే తల్లికి ఫిబ్రవరిలో కవల ఆడపిల్లలు పుట్టారు. తల్లీబిడ్డలు క్షేమం. ఆమె తిరిగి వచ్చేవరకు ఆమె అత్తగారు ఒక్కరోజు మానకుండా పొయ్యి వెలిగించినదని కాగితములో వ్రాశారు. ఆ బడిలో చదివి, నర్సింగు పూర్తిచేసిన ఒక అమ్మాయికి వేసవిలో పెండ్లి. బడివారందరికీ శుభలేఖ పంపినది.

మూడవ తరగతిలో ఒక బాబు ఉన్నాడు. ఒకటవ తరగతి ఏడాదంతా నోరు విప్పలేదు. పిలిస్తే తల వంచుకొనేవాడు. ఈ సంవత్సరం వార్షికోత్సవములో అందరి ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పి దిగాడు. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు ఒక్క వాక్యం వ్రాసిన బడివారు ఈ బాబును గూర్చి నాలుగు వాక్యాలు వ్రాశారు. నాకు అది చాలా నచ్చినది.

ఇంకొక సంగతి. జనవరి నుండి మార్చి వరకు మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుండి వచ్చిన కూలి కుటుంబాలు మా పొలాల గట్ల మీద గుడారాలు వేసుకొంటారు. వారి పిల్లలు కొందరు ఈ బడిలో వచ్చి కూర్చున్నారు. వారి పేర్లు వారి ఊరి బడిలోనే ఉన్నవి. అయినా ఇక్కడ ఎన్ని రోజులు వచ్చారో, ఏ పాఠం వరకు చదివారో ఒక్కొక్కరికి చీటీ వ్రాసి, అక్కడి మాస్టారికి చూపించమని ఇచ్చి పంపారట. కోత అయిపోతే వెళ్లిపోయే పిల్లలకు చీటీ ఎందుకని ఎవరైనా అనవచ్చును. అది కాగితం ముక్కే గాని, ఆ పిల్లవాణ్ణి ఒకరు లెక్కపెట్టారనుటకు సాక్ష్యము.

దుఃఖ వార్తలు

ముప్పై ఏండ్లకు పైగా ఆ బడి గంట కొట్టిన పెద్దమ్మ ఈ సంవత్సరం ప్రభువు సన్నిధికి చేరినది. ఆమె మన సంఘపు విశ్వాసురాలు. అక్షరం రాదు గాని ఏ పిల్లవాడు ఏ ఇంటివాడో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో ఆమెకు తెలిసేది. ఆమె భూస్థాపన రోజున విచారణ ఫాదరుగారు, సిస్టరుగార్లు, బడి పిల్లలందరు మన సమాధుల తోటకు వచ్చి, ప్రార్థన ముగిసేవరకు ఎండలో నిలబడ్డారు.

రెండవ తరగతి పిల్లవాని తండ్రి మిరప టిక్కీల బండి మీద నుండి పడి కాలు విరిగినది. ఇంటిలోనే పడుకొని ఉన్నాడు. అది కతోలిక కుటుంబము.

ఐదవ తరగతి చదివిన ఒక అమ్మాయికి జనవరిలో తల్లి చనిపోయినది. ఆమె మన సంఘపు పిల్ల. కాగితములో ఆమెను గూర్చి ఇంతే ఉన్నది: జనవరి వరకు ఒక్కరోజు బడి మానలేదు, ఈమె ఆరవ తరగతికి వెళ్లేటట్లు అందరు ప్రార్థించండి, సహాయపడండి అని. ఆమె సంగతి మళ్లీ వ్రాస్తాను.

సెలవు తీసుకొనేవారు

హెడ్‌మాస్టరుగారు ఈ సంవత్సరం పదవీ విరమణ చేశారు. ఈ బడిలో ఎయిడెడ్ పోస్టులో మిగిలిన చివరి ఉపాధ్యాయుడు ఆయనే. ఎయిడెడ్ బడి అంటే భవనము, నిర్వహణ మిషనువారివి, ఉపాధ్యాయుని జీతము ప్రభుత్వముది. ఏండ్ల తరబడి ఇట్టి బడులలో ఖాళీ అయిన పోస్టులు నింపబడటం లేదు. 2021లో ఎయిడెడ్ సంస్థలను అప్పగించమని అప్పటి రాష్ట్ర ప్రభుత్వము కోరినప్పుడు కొన్ని యాజమాన్యాలు ఒప్పుకొన్నవి, కొన్ని ఒప్పుకొనలేదు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. బలవంతము లేదని, ఒప్పుకొన్నవారు కూడా వెనుకకు తీసుకోవచ్చునని ఆ నవంబరులో ప్రభుత్వము చెప్పినది. ఆ గాలివానలో మా ఊరి బడి నిలిచినది. కాని మాస్టరు లేని బడి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇకమీదట విచారణవారే సొంత డబ్బుతో ఇద్దరు టీచర్లను పెట్టి నడుపుతామని కాగితములో వ్రాశారు. ఐదేండ్లుగా ఒకటవ తరగతి చెప్పిన సిస్టరుగారికి కూడా వేరే ఊరికి బదిలీ అయినది.

మన పత్రికలో ఈ సంగతి ఎందుకు?

కతోలికుల బడి కబుర్లు మనకెందుకని అడిగేవారుంటారు. మన పల్లెలకు చదువు ఎలా వచ్చినదో కొంచెం గుర్తుచేసుకొందాము. 1842 జూలై 31న హయ్యర్ గారు గుంటూరు చేరి సువార్తతోపాటు బడి తెరిచారు. 1904లో హాలెండు దేశము నుండి జె.ఎం.జె. సభ కన్యస్త్రీలు అదే గుంటూరుకు వచ్చారు. ఒకరిది లూథరన్ మిషను, ఒకరిది కతోలిక మిషను. వారిలో వారికి పోటీ లేదని నేననను. కాని ఊరి బడి అరుగు మీదికి రానివ్వని పిల్లల చేతికి పలకా బలపం ఇచ్చినవారు మిషను బడివారే. చాలా పల్లెల్లో పగలు బడి పంతులే సాయంకాలం సంఘానికి ఉపదేశి. తర్వాతి కాలములో మన మిషను బడులు ఎన్నో మూతపడ్డవి. కొన్నిచోట్ల గోడలు మాత్రం మిగిలినవి. మా ఊళ్లో మన బడి పోయినది, వారి బడి ఉన్నది. మన పిల్లలు ఆ నీడను కూర్చున్నారు.

అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో చివరి అధ్యాయము, 16వ అధ్యాయము, మనము తరచుగా దాటిపోతాము. అందులో పెద్ద బోధ కనబడదు. అన్నీ పేర్లే. ఫీబే బయలుదేరి వస్తున్నది, ఆమెను చేర్చుకొని, కావలసిన సహాయము చేయండి అంటాడు. ప్రిస్కిల్లకు, అకులకు వందనాలు చెబుతాడు. రూఫు తల్లి తనకు కూడా తల్లి వంటిదని చెబుతాడు. పత్రికను చేతితో వ్రాసిపెట్టిన తెర్తియు కూడా మధ్యలో తన వందనము కలుపుతాడు. పదిహేను అధ్యాయముల బోధ చేసినవాడు ఈ పేర్లు ఎందుకు వ్రాశాడు? బోధ నిలిచేది ఆ మనుష్యుల ఇళ్లలో గనుక. బడి కాగితము కూడా అట్టిదే. మార్కుల కార్డు పాఠము సంగతి చెబుతుంది. ఈ కాగితము పిల్లవాని ఇంటి సంగతి చెబుతుంది. ఎవరికి సహాయము కావలెనో చెబుతుంది. మడిచి గూట్లో పెట్టవలసిన కాగితము కాదది.

ఆ ఐదవ తరగతి అమ్మాయి

ప్రాథమిక బడిలో ఐదవ తరగతితో చదువు ఆగుతుంది. ఆరవ తరగతికి నాలుగు కిలోమీటర్ల దూరములోని జిల్లా పరిషత్ హైస్కూలుకు పోవలెను. మన పల్లెల్లో పిల్లలు జారిపోయేది ఈ మెట్టు దగ్గరనే. పరీక్ష తప్పి కాదు. సెలవుల్లో కల్లములో తాలు కాయలు ఏరడానికి వెళ్లిన పిల్ల జూన్ నెలలో కూడా కల్లములోనే ఉంటుంది. తల్లి లేని ఇంట పొయ్యి దగ్గర నిలబడిన పిల్ల అక్కడే పెద్దదైపోతుంది.

నేను ఆ తండ్రితో మాట్లాడాను. ఆయన చెడ్డవాడు కాడు, త్రాగేవాడు కాడు. “అయ్యగారూ, నేను కూలికి పోతే చిన్నోణ్ణి ఎవరు చూస్తారు? అన్నం ఎవరు వండుతారు? దాన్ని చదివించనని నేననట్లేదు. ఒక్క యేడాది ఆగమంటున్నా, అంతే” అన్నాడు. చిన్నవానికి నాలుగేండ్లు. తండ్రి మాటలో అన్యాయము లేదు, అవసరమున్నది. కాని ఈ ఒక్క యేడాది అన్న మాట మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లల చదువు మ్రింగినదో మీ మేనత్తలను, మీ పెద్దక్కలను అడగండి, చెబుతారు. ఆ ఒక్క యేడాది తర్వాత తిరిగి బడికి వెళ్లినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చును.

ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చూపకుండా చదువు గొప్పది అని ప్రసంగము చేస్తే ఏమి లాభము? కాబట్టి జవాబు వెదికాము. నాలుగేండ్ల పిల్లవానికి ఊళ్లో అంగన్‌వాడీ ఉన్నది. అక్కడ మధ్యాహ్నము భోజనము పెడతారు, ఆటపాటలు నేర్పుతారు. అంగన్‌వాడీ ముగిసిన తర్వాత సాయంకాలము వరకు మన స్త్రీల సమాజములో ఇద్దరు తల్లులు వంతులవారీగా చూస్తామన్నారు. వారిలో ఒకామె, “మా ఇంట్లో నలుగురికి వండే అన్నంలో ఇంకో ఇద్దరికి వండటం ఎంతసేపండీ” అన్నది.

పిల్లను గూర్చి పదవీ విరమణకు ముందే హెడ్‌మాస్టరుగారు ఒక పని చేశారు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయానికి ఆమె చేత దరఖాస్తు పెట్టించారు. ఇవి 2004లో మొదలైన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలు. ఆరవ తరగతి నుండి చదువు, వసతి, భోజనము అన్నీ ఉచితము. తల్లి గాని తండ్రి గాని లేని పిల్లలకు, బడి మానేసినవారికి, పేద కుటుంబాల పిల్లలకు ప్రవేశములో ముందు చోటు ఇస్తారు. అక్కడ సీటు రాకపోతే హైస్కూలు ఉండనే ఉన్నది. తండ్రి ఇంకా సరే అనలేదు. “ఆలోచిస్తానయ్యగారూ” అన్నాడు. ఆయన ఆలోచన ఎటు తిరుగుతుందో బడులు తెరిచే జూన్ 12న తెలుస్తుంది. అందుకే ఈ మాటలు ఇప్పుడే వ్రాస్తున్నాను. మీ ఊళ్లో కూడా ఇట్టి తండ్రి ఒకరుంటారు.

మన పిల్లలు కతోలికులైపోరా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. దాచుకోవలసినది కాదు. పిల్లవాడు బడి నుండి వచ్చి అన్నము ముందు సిలువ గుర్తు వేసుకొంటాడు. నాయనమ్మ కోప్పడుతుంది. ప్రభువు నేర్పిన ప్రార్థన మనకంటె ముందే ముగించి ఆమేన్ అంటాడు. మనము చివర కలిపే స్తుతివాక్యము అక్కడ సామాన్యముగా కలపరు గనుక. మరియమ్మను గూర్చి, పరిశుద్ధులకు మనవి చేయుటను గూర్చి, పోపుగారి అధికారమును గూర్చి మనకును వారికిని భేదములున్నవి. లేవని చెప్పుట సత్యము కాదు.

అయితే రెండు సంగతులు తెలిసికొనండి. మొదటిది చట్టము. మన రాజ్యాంగము 28వ అధికరణము మూడవ భాగము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని పొందే విద్యాసంస్థలో చదివేవారిని వారి సమ్మతి లేకుండా మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనమని కోరరాదు. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావలెను. మీకిష్టము లేనిచో మర్యాదగా ఒక చీటీ వ్రాసి ఇవ్వండి. మా ఊరి బడిలో సత్యోపదేశము చెప్పే గంటలో మన పిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి నీతికథలు చెబుతారు. దాని విషయమై ఏనాడూ తగువు రాలేదు.

రెండవది ఇల్లు. తిమోతి తండ్రి గ్రీకు దేశస్థుడు. అయినా అవ్వ లోయి, తల్లి యునీకే విశ్వాసము తిమోతిలో నిలిచినది (2 తిమోతికి 1:5). వారు ఇంటిలో నేర్పినది వీధిలో చెరిగిపోలేదు. రాత్రి భోజనమయ్యాక ఇంట్లో పది నిమిషములు బైబిలు చదివించని మనము, బడిలో వేరే ప్రార్థన నేర్పుతున్నారని బెంగపెట్టుకొనుట న్యాయమా? కతోలిక సంఘము కూడా 1964 నవంబరు 21న తన వాటికన్ మహాసభలో క్రైస్తవ ఐక్యతను గూర్చి ఒక ప్రకటన చేసి, ఇతర సంఘముల క్రైస్తవులను సహోదరులని పిలిచినది. భేదము తెలిసినవారే నిజమైన సహోదరులుగా మెలగగలరు.

ఈ 49 రోజులు

ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు లెక్కపెడితే 49 రోజులు. ఈ రోజుల్లో మన కుటుంబములు, సంఘములు చేయదగిన పనులు కొన్ని వ్రాస్తున్నాను.

1. మీ పిల్ల ఐదవ తరగతి ముగిస్తే బదిలీ పత్రము, అనగా టి.సి., అడిగి తీసుకొని జాగ్రత్త చేయండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉన్నవా చూసుకొనండి. టి.సి. ఆలస్యమైనదని క్రొత్త బడివారు పిల్లను చేర్చుకొనుటకు ఆలస్యము చేయరాదని 2009 విద్యాహక్కు చట్టము 5వ సెక్షను చెబుతున్నది.

2. బడి వదిలిన పిల్లల పేర్లు ఇప్పుడు కంప్యూటరులో డ్రాప్ బాక్స్ అనే చోట ఉంటవి. క్రొత్త బడివారు అక్కడ నుండి తమ బడిలోనికి తీసుకోవలెను. చేర్చిన రోజునే పేరు ఎక్కినదా అని హెడ్‌మాస్టరుగారిని అడగండి. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వము మొదలుపెట్టిన తల్లికి వందనము వంటివి అందవలెనన్నా పిల్లల పేరు, హాజరు సరిగా ఉండవలెను.

3. సెలవుల్లో బడి భోజనము ఉండదు. బడిలో గుడ్డు తినే పిల్లకు ఇంట్లో గంజి మాత్రమే ఉండవచ్చును. మీ వీధిలో అట్టి ఇల్లు ఏదో మీకు తెలుసు. దాసి పెట్టకండి, పిలిచి పెట్టండి. పదిమందిలో ఇచ్చి పిల్లను సిగ్గుపరచకండి.

4. మే నెలలో జరిగే వి.బి.ఎస్.కు కతోలిక పిల్లలను కూడా పిలవండి. వారి తల్లిదండ్రులను ముందుగా అడిగి పిలవండి. మన విషయములో వారు పాటించిన మర్యాద మనము కూడా పాటించుట ధర్మము.

5. కాలువలలో, క్వారీ గుంతలలో, పాడుబడిన బావులలో పిల్లలను ఒంటరిగా ఈతకు పంపకండి. ఏ వేసవియు ఈ దుఃఖము లేకుండా దాటడం లేదు.

6. కాలు విరిగిన ఆ తండ్రి వంటివారు మీ ఊళ్లో ఉంటే వెళ్లి పలకరించండి. ఏ సంఘము అని అడుగకండి. ఆ పెద్దమ్మ భూస్థాపనకు ఎండలో నిలబడినవారు అడుగలేదు.

7. బడి కాగితానికి జవాబు వ్రాయండి. వెనుక తెల్ల జాగా లేకపోతే వేరే కాగితము మీద వ్రాయండి. పదవీ విరమణ చేసిన మాస్టరుగారి దగ్గరకు పిల్లవాణ్ణి తీసుకొనిపోయి వందనము చెప్పించండి. బదిలీ అయిన సిస్టరుగారికి మీ పిల్ల చేత్తోనే ఒక ఉత్తరము వ్రాయించండి. ఆమె నేర్పిన అక్షరాలే అవి.

ప్రార్థన చేయండి: తల్లిని పోగొట్టుకొన్న ఆ చిన్నదాని కొరకు, ఆమె తండ్రి తీసుకోవలసిన నిర్ణయము కొరకు, ఇద్దరు టీచర్లతో జూన్ 12న తలుపు తెరవవలసిన ఆ బడి కొరకు. ఆ ఉదయము మీరు పొలానికి పోయే దారిలో మీ ఊరి బడి ముందు ఒక్క నిమిషము ఆగండి. నిరుడు చదివిన పిల్లలలో ఎవరు రాలేదో చూడండి. రాని పిల్ల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లండి.

ప్రభువు మీ గృహములను, మీ బిడ్డల రాకపోకలను కాపాడును గాక.

క్రీస్తు సేవలో మీ సహోదరుడు,
పాస్టరు